ఇరవై ఆరో తేదీ ముద్ర

ప్రధానమంత్రి రాజీనామా చేసిన రోజు మా మామయ్య పొలంలో పిచ్చుకలు వాలకుండా వల కడుతున్నారు. నేను గట్టు మీద నిలబడి ఆ కబురు చెప్తే, ముడి వేయడం ఆపకుండానే, "ఇతను ఎన్నోవాడు?" అని అడిగారు. నాలుగేళ్ళలో మూడోవాడని చెప్పాను. "అయితే మళ్ళీ కార్డులొస్తాయి," అన్నారు. వల సగంలో వదిలేసి, చేతులు కడుక్కోవడానికి కాలువ దగ్గరికి దిగారు.

ఏలే పార్టీకి ఎవరు నాయకుడో వాడే ప్రధాని. ఆ నాయకుడి ఎన్నికలో ఎంపీలతోపాటు పార్టీ సభ్యత్వం ఉన్న మామూలు జనానికీ ఓటుంటుంది. ఆ ఓటు ఒక కార్డు రూపంలో తపాలాలో ఇంటికొస్తుంది. పేరు రాసి, పైన మూతకాగితం అంటించి, మళ్ళీ తపాలాలోనే తిప్పి పంపాలి. మా ఒరిసె ఊరికి అలాంటివి నూట ఎనభై ఆరు వచ్చేవి. కానీ మా ఊళ్ళో ఎవరి కార్డు వాళ్ళు డబ్బాలో వేసుకోరు. అంటించి తెచ్చి మామయ్య చేతికిస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయనే ఊరి పార్టీ శాఖకి అధ్యక్షులు. ఊరంతా ఒక్క మాట మీద ఉందని పైవాళ్ళకి తెలియాలంటే కార్డులన్నీ ఒకే కట్టగా ఒకే రోజున కదలాలి. అది ఆయన తండ్రి పెట్టిన పద్ధతి. ఆ కట్ట ఎప్పుడు కదలాలో చెప్పేది మాత్రం మా ఎంపీ ఇవాబుచి గారు. ఆయన్ని ఊరంతా సెన్సే, అంటే గురువుగారు, అంటాం. వాళ్ళ నాన్ననీ సెన్సే అనే పిలిచాం. కొండ కింద సొరంగం, వాగు మీద వంతెన, ఊరి ఆసుపత్రి, అన్నీ ఆ పెద్ద సెన్సే తెచ్చిపెట్టినవే. కొడుకు తెచ్చింది ఏమిటని అడిగితే మామయ్యకి కోపం వచ్చేది.

ఆ ఆసుపత్రి మేడ మీద ఆరు డయాలసిస్ మంచాలుండేవి. కిటికీ పక్కది మామయ్య కొడుకు, మా ఆయన మిచిరోది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే నడిచి వెళ్ళి, మధ్యాహ్నానికి నడిచే వచ్చేవాడు. మూత్రపిండాలు పాడవక ముందు పద్ధెనిమిదేళ్ళు కనుమ దారిలో బస్సు నడిపాడు. నగరానికి యాభై ఎనిమిది కిలోమీటర్లు, నూట పన్నెండు మలుపులు. మంచు కాలంలో ఆ దారి ఎలా ఉంటుందో ఒరిసెలో అతని కంటే తెలిసినవాళ్ళు లేరు.

చిన్న ఆసుపత్రులను నగరాల ఆసుపత్రుల్లో కలిపేసే జాబితా ఒకటి తయారైంది. అందులో మాదీ ఉంది. నాయకత్వానికి పోటీపడ్డ ఇద్దరిలో ఉనోసావ అనే ఆయన, తాను గెలిస్తే ఆ జాబితాని మొదటి నుంచీ తిరగరాయిస్తానన్నాడు. రెండో ఆయన కాజిమురా ఆ ఊసే ఎత్తలేదు. ఇక మా ఊళ్ళో చర్చేముంది?

సెప్టెంబరు రెండో వారంలో కార్డులు తెచ్చివ్వడం మొదలైంది. మామయ్య అరుగు మీద చాప వేసుక్కూర్చునేవారు. వచ్చినవాళ్ళు కార్డుతోపాటు నాలుగు వంకాయలో, ఉప్పులో ఊరేసిన ముల్లంగో తెచ్చేవాళ్ళు. ఎవరి పేరు రాశారని అడగకూడదు, చెప్పకూడదు. అయినా ఒక్కళ్ళూ చెప్పకుండా వెళ్ళలేదు. బేరిపళ్ళ తోట కువహరా మామ్మ అయితే కళ్ళు కనపడక పేరు మరీ పెద్దగా రాసిందట, అంచు దాటిపోయిందేమో చూడమంది. అంటించేశాక ఎలా చూస్తానని మామయ్య నవ్వారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ లోపలికి తొంగిచూసింది. "మిచిరో, నీ మంచం ఎక్కడికీ పోదురా. నూట ఎనభై ఆరుగురం పట్టుకుని కూర్చున్నాం," అంది.

"జాగ్రత్త మామ్మా, అందరూ ఒకేసారి పట్టుకుంటే మంచం విరుగుతుంది," అన్నాడు మిచిరో.

పద్ధెనిమిదో తేదీకి లెక్క సరిపోయింది. మామయ్య వాటిని ఊదారంగు గుడ్డలో మూట కట్టి, ఇంట్లో పెద్దల మందిరంలో తన తండ్రి ఫొటో ముందు పెట్టారు. మా ఇంట్లో ఏ ముఖ్యమైన కాగితమైనా ముందు అక్కడికే వెళ్తుంది. మిచిరో బస్సు లైసెన్సు, మా పెళ్ళి పత్రం, మొదటి డయాలసిస్ చీటీ కూడా ఒక రాత్రి అక్కడే ఉన్నాయి.

నేను మా ఊరి పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటాను. కాబట్టి ఒక సంగతి మామయ్య కంటే నాకు బాగా తెలుసు. కార్డులు బుధవారం, ఇరవై నాలుగో తేదీ సాయంత్రానికి జిల్లా కేంద్రం చేరాలి. ఏ రోజు వేశామన్నది కాదు, ఏ రోజు చేరిందన్నదే లెక్క. ఒకప్పుడు మా ఊళ్ళో సాయంత్రం వేస్తే మర్నాడు చేరిపోయేది. ఇప్పుడు తపాలా బండి రోజుకి ఒక్కసారే, మూడున్నరకి. శని, ఆదివారాలు పంచరు. మంగళవారం విషువత్తు పండుగ సెలవు. అంటే సోమవారం మూడున్నర బండే ఆఖరు.

శుక్రవారం భోజనాల దగ్గర ఇదంతా వేళ్ళు మడిచి మరీ చెప్పాను. మామయ్య చేప ముల్లు తీసుకుంటూ విన్నారు. సెన్సే కార్యదర్శి నెమోతో ఫోన్ చేశాడని, కబురు చేసేదాకా కట్ట కదపొద్దన్నాడని చెప్పారు. సెన్సే ముఠా పెద్ద కాజిమురా వైపు ఉన్నాడట, సెన్సేకి మనసు ఉనోసావ మీద ఉందట, ఇంకా తేల్చుకోలేదట.

"తేల్చుకోవడం కాదు నాన్నా, గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు," అన్నాడు మిచిరో. "ఎటు పాలు కనిపిస్తే అటు దూకుతాడు."

"నోరు కడుక్కో. నువ్వు పడుకునే మంచం వాళ్ళ నాన్న వేయించింది."

"అందుకేగా అడుగుతున్నా. నేను పడుకునేది కాబట్టే."

నేను మళ్ళీ సోమవారం సంగతి ఎత్తాను. ఆయన నా వైపు చూసి నెమ్మదిగా, "అమ్మాయీ, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ ఊరి కట్ట సెన్సే మాట లేకుండా కదల్లేదు. ఆయన మాట లేకుండా పంపితే, రేపు మన మాట ఆయన ఎందుకు వింటాడు?" అన్నారు. కబురు సోమవారం లోపే వస్తుందని ఆయనకి గట్టి నమ్మకం. నాకు లేదు.

ఆదివారం మిచిరో, నేను పెరట్లో ఎర్ర చిక్కుళ్ళు ఏరుతున్నాం, పండుగ ఉండల కోసం. ఆ మూట నేనే తీసుకెళ్ళి సోమవారం బండిలో వేసేస్తే ఎలా ఉంటుందని అడిగాను. అన్నీ అంటించే ఉన్నాయి, రాసింది అందరం ఒక్క పేరే. మామయ్యకి తర్వాత చెప్పుకోవచ్చు. మిచిరో ఒక పుచ్చు గింజ ఏరి పక్కన పడేశాడు.

"వద్దు కియోనో. నువ్వు తీస్తే ఆయన ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇంటి కోడలే దొంగతనంగా కట్ట పంపించిందంటారు. నా కోసం ఆయనకి ఆ పరిస్థితి తేవొద్దు."

"మరి నీ సంగతి?"

"సెన్సే రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాడేమో. నమ్మాలి కదా మరి," అని నవ్వాడు. నమ్మకం ఉన్నవాడి నవ్వు కాదది.

సోమవారం పొద్దున్న ఎప్పటిలాగే మందిరం తలుపులు తీశాను. వేడి అన్నం చిన్న గిన్నెలో పెట్టాను. మూట అక్కడే ఉంది. నా భోజనం సంచీ భుజానికే వేలాడుతోంది, అందులో ఖాళీ ఉంది. మామయ్య పొలానికి వెళ్ళిపోయారు, మిచిరో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. నేను గంట ఒకసారి మోగించి, చేతులు జోడించి, తలుపులు మూసి పనికి వెళ్ళాను. మూడున్నరకి బండి వచ్చింది. డ్రైవరు ఇంతేనా అని అడిగితే ఇంతేనని చెప్పాను.

కబురు బుధవారం పదకొండు గంటలకి వచ్చింది. ఉనోసావకే వేయండి, అన్నీ వెంటనే పంపండి అని. మామయ్య మూట పట్టుకుని పోస్టాఫీసుకి ఇంచుమించు పరుగెత్తుకొచ్చారు, మొహం వెలిగిపోతోంది. "చూశావా, మనం అనుకున్నదే ఆయన అన్నాడు," అన్నారు. నేను గోడ మీది గడియారం చూపించాను. పోస్టులో ఏం వేసినా ఇక సాయంత్రానికి చేరదని చెప్పాను. ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నాతో వాదించలేదు. బయటికెళ్ళి పొలం ట్రక్కు ఎక్కి, కనుమ మీదుగా, నగరం కూడా దాటి, జిల్లా కేంద్రానికి తానే బయల్దేరారు.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి దాదాపు అయిదు గంటలు ఆగకుండా నడిపారట. నాలుగుంబావుకి పార్టీ ఆఫీసు చేరితే, మూట చూసిన గుమస్తా కుర్రాడు చాలా మర్యాదగా వంగి, ఓటు తపాలాలో వచ్చి తీరాలని, చేతికిస్తే తీసుకునే వీల్లేదని చెప్పాడట. ఇదంతా మామయ్య నాకు చెప్పింది రెండే మాటల్లో. "తీసుకోలేదు," అన్నారు. మూట మళ్ళీ మందిరంలో పెట్టేశారు.

గురువారం మధ్యాహ్నం ఉనోసావ గెలిచాడు. మా జిల్లాలో తొంభై నాలుగు ఓట్లతో ఓడాడు గానీ దేశం మొత్తం మీద గట్టెక్కాడు. సెన్సే ఆఖరి పూట గోడ దిగింది సరైన వైపుకే. ఊళ్ళో వాళ్ళు ఎర్ర చిక్కుళ్ళ అన్నం వండుకుని మా ఇంటికి తెచ్చారు. కువహరా మామ్మ మామయ్య చేతులు పట్టుకుని, మన కట్ట బాగా పనిచేసిందంది. మామయ్య ఆవిడ ముందు తల వంచి, అలాగే ఉండిపోయారు. వినయం అనుకుంది ఆవిడ.

శుక్రవారం పొద్దున్న పోస్టాఫీసు తెరవగానే మామయ్య వచ్చారు. ఇంట్లో కోడలితో మాట్లాడినట్టు కాక, మామూలు ఖాతాదారులా టోపీ తీసి నిలబడ్డారు. మూట విప్పి కౌంటరు మీద పెట్టారు.

"ఇవి పంపాలి," అన్నారు.

"మామయ్యా, ఓట్లు లెక్కపెట్టడం అయిపోయింది."

"తెలుసు. పోస్టులో వేస్తానని నూట ఎనభై ఆరుగురికి చెప్పాను. నా ఇంట్లో ఉంచుకోలేను. చింపలేను. వాళ్ళు నా చేతికిచ్చింది పంపమనే."

చేత్తో వేసే ముద్ర తీశాను. ఒక్కొక్కటే వేశాను. ఒరిసె, ఇరవై ఆరు. ఒరిసె, ఇరవై ఆరు. నాదీ వచ్చింది. మిచిరోదీ వచ్చింది. ఆయన చివరిదాకా కదలకుండా నిలబడి చూశారు. అయ్యాక థాంక్స్ చెప్పి వెళ్ళారు. ఇంట్లో నాకెప్పుడూ అలా చెప్పి ఎరగరు.

నవంబరులో తిరగరాసిన జాబితా వచ్చింది. మా జిల్లాలో మూడు ఆసుపత్రులను అందులోంచి తప్పించారు. మాది అలాగే ఉంది. మామయ్య సెన్సే ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశారు, అయిదోసారి నెమోతో తానే వచ్చాడు. నల్లకోటు మీద తుంపర పడి ఉంది. చాప మీద వంగి నమస్కరించి, ఒక అట్టపెట్టె ముందుకి జరిపాడు. మూత తీయకుండానే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది.

నెమోతో మంచివాడు. అందుకే చాలాసేపు కొండల రంగు గురించీ పంట గురించీ మాట్లాడాడు. మిచిరో పక్కగదిలోనే ఉన్నాడు, మధ్యలో పల్చని కాగితపు తలుపు. చివరికి ఇక తప్పక, మామయ్యని ఇంటిపేరుతో పిలిచి, నెమోతో అసలు సంగతికి వచ్చాడు.

"అజుమి గారూ, సెన్సే గారు ఉనోసావ మనుషులకి మాటిచ్చారు, మా వైపు ఊళ్ళన్నీ మీవేనని. తీరా చూస్తే ఒరిసె నుంచి ఒక్కటీ రాలేదు. వచ్చినవి ఇవిగో, అన్నిటి మీదా ఇరవై ఆరో తేదీ ముద్ర. ఫలితం ఇరవై అయిదున వచ్చింది. పైన వాళ్ళు ఒకటే అడిగారు. ఎవరు గెలిచారో చూసుకుని ఓటేసే ఊరా ఇది అని. సెన్సే గారికి మొహం చెల్లలేదు. జాబితా దగ్గర మీ పేరు ఎత్తలేకపోయారు."

నేను టీ గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. మీరేగా ఆగమన్నది అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మామయ్య నోటి నుంచి అది వస్తుందని చూశాను. ఆయన రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకి తగిలేదాకా వంగారు.

"పొరపాటు నాది. ఊరి వాళ్ళది కాదు. ఆ మాట సెన్సే గారికి చెప్పండి," అన్నారు.

నెమోతో కూడా వంగాడు. ఆగమని ఫోన్ చేసిన మనిషి తానే. ఇద్దరూ ఎంతసేపటికీ తల ఎత్తలేదు. పక్కగదిలో మిచిరో దగ్గాడు.

ఆ తర్వాత మామయ్య ఇల్లిల్లూ తిరిగారు. కట్ట ఆలస్యంగా పంపింది తానేనని ప్రతి గుమ్మం ముందూ చెప్పుకున్నారు. ఎందుకు ఆలస్యమైందో ఎక్కడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు, చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారు. ఎవరూ ఒక్క పరుష మాటా అనలేదు. పర్లేదండీ, చలిలో శ్రమపడి వచ్చారు అన్నారు. ఆ తర్వాత మా అరుగు మీదికి ముల్లంగి రావడం ఆగిపోయింది.

డిసెంబరు ఆఖరున మేడ మీది మంచాలు తీసేశారు. జనవరి నుంచి మిచిరోని వారానికి మూడుసార్లు కనుమ దాటించి నగరానికి తీసుకెళ్ళేవారు మామయ్య. మలుపు వచ్చినప్పుడల్లా పక్క సీట్లోంచి మిచిరో గేరు చెప్పేవాడట. ఒకసారి ఇంటికి వచ్చాక, "నాన్న చాలా పాడుగా నడుపుతాడు, బస్సు కంపెనీలో అయితే మొదటి రోజే పంపించేసేవాళ్ళు," అన్నాడు నాతో. మామయ్య విని కూడా కోప్పడలేదు.

ఫిబ్రవరిలో ఆరు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. కనుమ మూసేశారు. సోమవారం వెళ్ళలేకపోయాడు. బుధవారం వెళ్ళలేకపోయాడు. హెలికాప్టరు కోసం మున్సిపల్ ఆఫీసు వాళ్ళు నిజంగానే కాళ్ళావేళ్ళా పడ్డారు, గాలికి అది ఎగరలేదు. గురువారం తెల్లవారాక అతని ఊపిరి ఆగింది. దారి శుక్రవారం మధ్యాహ్నం తెరిచారు. సెన్సే పేరు మీద సంతాపం టెలిగ్రాం వచ్చింది, నల్ల పట్టు అట్టలో, వెండి అక్షరాలతో. దాన్ని ఇంటికి తెచ్చింది నేనే.

ఆగస్టులో ఉనోసావ రాజీనామా చేశాడు. ఏడాది కూడా నిండలేదు. ఆ రోజు మామయ్య వల కట్టడం లేదు. ఆ ఏడు ఆయన పిచ్చుకలని పట్టించుకోలేదు.

సెప్టెంబరులో కార్డులొచ్చాయి. పంపకానికి వేరుచేస్తుంటే నా చేతిలోకే వచ్చింది ఆ కార్డు: అజుమి మిచిరో గారికి. సభ్యుల పట్టీలో పేరు కొట్టేయాల్సింది శాఖ అధ్యక్షుడే. ఆయన కొట్టలేదు. చిరునామాదారు లేరు అన్న ముద్ర నా పక్కనే ఉంది. అది వేయలేక ఇంటికి తీసుకెళ్ళి మందిరంలో మిచిరో ఫొటో ముందు పెట్టాను. మామయ్యకి ఏమీ చెప్పలేదు.

ఈసారి ఎవరూ మా అరుగు ఎక్కలేదు. ఊళ్ళో డబ్బాలో పడిన కార్డులు మొత్తం మీద పద్నాలుగు. కొత్త పోటీదారులిద్దరి పేర్లూ నాకిప్పుడు గుర్తు కూడా లేవు. ఆసుపత్రి తలుపుకి అప్పటికే పలకలు కొట్టేశారు.

కార్డులు వచ్చిన మూడో రోజే మామయ్య పోస్టాఫీసుకి వచ్చారు. గడువు ఇంకా పందొమ్మిది రోజులుంది. టోపీ తీసి, లోపలి జేబులోంచి ఒక్క కార్డు తీసి కౌంటరు మీద పెట్టారు. మిచిరోది. మూతకాగితం నీటుగా అంటించి ఉంది. వెలుగుకి పట్టి చూడక్కర్లేకుండానే లోపల ఏ పేరూ లేదని నాకు తెలుసు. అక్కడ రాయదగ్గ పేరు ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

సెన్సే దగ్గర్నుంచి కబురు వచ్చిందా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడు వేస్తే టయానికి చేరుతుందా, అమ్మాయీ?"

"చేరుతుంది మామయ్యా."

ఆయన చూస్తుండగానే ముద్ర తీసి తేదీ సరిచేసి వేశాను. మామయ్య వంగి తేదీ చదువుకున్నారు. టోపీ పెట్టుకోకుండా, బయట బెంచీ మీద కూర్చుని, మూడున్నర బండి వచ్చి వెళ్ళేదాకా అక్కడే ఉన్నారు.